బిళ్ళ నిండాక

కంచె కట్టిన పందొమ్మిదో ఏడు, మార్చి 3

వాగుమలుపు దగ్గర వెదురు పొదల్లో చిన్న మంట లేచింది. మధ్యాహ్నానికల్లా ఆర్పేసి వచ్చారు. ఒక బండి కడిగాను, ఆరుగురు మనుషుల్ని కడిగాను. షెడ్డు రిజిస్టరులో రాయాల్సింది అంతే. మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను.

మనుషుల్ని కడగడం బండిని కడగడం కన్నా కష్టం. సూటు తీయకముందే ఇనుప జాలీ మీద నిలబెట్టి, తలమీది టోపీ నుంచి బూట్ల అడుగుదాకా పైపుతో నీళ్ళు కొట్టాలి. ఆ నీళ్ళు కింద గోతిలోకి పోతాయి, గోతికి మూత ఉంటుంది. తర్వాత సూటు విప్పి, సబ్బుతో స్నానం చేసి వచ్చి నా ముందు చేతులు చాచి నిలబడతారు. నేను చిమ్మెటను ఒంటినిండా తిప్పుతాను. చిమ్మెట అంటే చేతి మిషను. దుమ్ము ఎక్కడైనా మిగిలితే కీచుమంటుంది, అందుకే ఆ పేరు.

అణు ప్లాంటు పేలిన నాడు అడవి మీద పడిన దుమ్ము ఇంకా అక్కడే ఉంది. ఆకులో, బెరడులో, మట్టిలో. అడవి తగలబడితే అది పొగతో లేచి మళ్ళీ ఊళ్ళమీద పడుతుంది. అందుకే చుట్టూ కంచె కట్టి మూసేసిన, ఎవరూ బతకని అడవిలో కూడా మంటలార్పాలి.

పదకొండేళ్ళు నేనూ ఆర్పాను. పోయిన డిసెంబరులో నా బిళ్ళ నిండింది. అడవి మన ఒంట్లోకి ఎంత దిగిందో మెడలో వేసుకునే బిళ్ళ లెక్కగడుతుంది. ఒక మనిషి జన్మకంతటికీ ఒక గీత. అది దాటితే ఇక కంచె లోపలికి అడుగు పెట్టకూడదు. కొందరు సంతోషంగా ఇంటికి పోతారు. నేను పోలేక, పెంచలయ్య సారును అడిగి ఈ షెడ్డులో చేరాను. గుండ్లవాగు క్యాంపుకు ఆయనే అధికారి.

లోపల ఎవరూ ఒంటరిగా నడవరు. ఇద్దరిద్దరు జతగా నడవాలి. మా అడవిలో ఆకుల్ని గాలి మిషనుతో ఊదకూడదు, దుమ్ము లేస్తుంది. ఒకరు వీపు మీది ట్యాంకుతో నేలను తడపాలి, వెనకే ఇంకొకరు పారతో గీకి మట్టి తేల్చాలి. అదే లైను. మంట ఆ లైను దాకా వచ్చి ఆగిపోతుంది. నేను తడిపేదాన్ని, నా జత మాబున్ని గీకేది. ఇప్పుడు నా ట్యాంకు కుసుమ వీపు మీద ఉంది. టౌను పక్క కాలనీ నుంచి కొత్తగా చేరిన పిల్ల.

ఈరోజు జాలీ మీద నిలబడి, ముఖం మీద నీళ్ళు కారుతుండగా మాబున్ని అంది: “సుంకీ, ఈ పిల్ల తడిపితే చెమ్మ ఏర్లదాకా దిగుతాదిమే. నువ్వు చూడాల్సింది.”

నేను తడిపినప్పుడు ఎందాకా దిగేదో పదకొండేళ్ళలో ఆమె ఒక్కనాడూ చెప్పలేదు.

మార్చి 9

ఆదివారం. లోపలికి పోయేవాళ్ళు జుట్టు పొట్టిగా కత్తిరించుకోవాలి, దుమ్ము ముందు పట్టేది జుట్టులోనే. నాది ఎప్పుడూ మాబున్ని కత్తిరించేది. నెత్తిమీద ఒక్కటిచ్చి “కదలగాకు, చెవి పోతాది” అనేది.

తువ్వాలు భుజాన వేసుకుని బ్యారక్కుల వైపు వెళ్ళాను. మెట్ల మీద కుసుమ కూర్చుని ఉంది. మాబున్ని వెనక నిలబడి కత్తెర ఆడిస్తోంది. ఇద్దరూ దేనికో నవ్వుతున్నారు. నన్ను చూసి నవ్వు ఆపలేదు, కానీ ఎందుకు నవ్వుతున్నారో చెప్పలేదు.

“కదలగాకు పిల్లా, చెవి పోతాది” అంది మాబున్ని.

నేను నిలబడ్డాను. ఆమె తలెత్తి నా తువ్వాలు చూసింది.

“నీకేంటికిమే ఇంక? నువ్వు లోపలికి పోవు గదా. పెంచుకో. జడ ఏసుకుంటే బాగుంటావు.”

మంచి మాటే. నా బాగు కోరి అన్న మాటే. షెడ్డుకు తిరిగి వచ్చి, సూట్ల దారాలు తెంపే కత్తెరతో నేనే కత్తిరించుకున్నాను. ఒక వైపు చెవి పైకి, ఇంకో వైపు చెవి కిందికి వచ్చింది. అద్దంలో చూసుకుంటే నాకే సిగ్గేసింది.

మార్చి 17

ఇవాళ పెద్ద మంట. ఏనుగుబండ కింద బోదగడ్డి అంటుకుంది. షెడ్డులో వాకీటాకీ ఒకటి ఉంటుంది, జట్టు ఎప్పుడు తిరిగొస్తుందో తెలియడానికి. నేను పొద్దున్నుంచీ దాని దగ్గరే ఉన్నాను.

మాస్కు లోపల ఈల వేయలేం, అరిస్తే వినపడదు. అందుకని పొగలో ఒకరికొకరు కనపడనప్పుడు పార కామును రాయి మీద రెండుసార్లు కొట్టాలని నేనూ మాబున్నీ అనుకున్నాం. ‘ఇక్కడే ఉన్నా’ అని అర్థం. అది రూల్సులో లేదు. మా ఇద్దరిదే. ఇవాళ వాకీటాకీలో గాలి హోరు మధ్య టక్ టక్ మని వినపడింది. కాసేపటికి, ఇంకొంచెం దూరం నుంచి, ఇంకో టక్ టక్.

నా గాజులు ఇంకొకరి చేతికి తొడిగితే కూడా నాకంత బాధ ఉండదేమో.

సాయంత్రం కడగడం అయ్యాక బిళ్ళలు అంకె చదివే పెట్టెలో పెట్టి ఆ రోజుకు ఎంత ఎక్కిందో చూశాను. కుసుమ బిళ్ళ బాగా పైకి పోయింది. మాబున్నిది దాదాపు కదలనే లేదు. ఇద్దరూ ఒకే లైను మీద, పక్కపక్కనే నడిచారు.

అంటే ఒకటే అర్థం. దుమ్ము ఎక్కువున్న చోటల్లా ఆ పిల్లే ముందు నడుస్తోంది. మాబున్నిని వెనక పెట్టి తన ఒళ్ళు అడ్డం పెడుతోంది. నేనెప్పుడైనా అలా చేశానా? గుర్తుచేసుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను. చేయలేదు. ఇద్దరం సమానంగా నడిచాం, సమానంగా దిగనిచ్చుకున్నాం. అదే స్నేహం అనుకున్నాను. ఈ పిల్ల వచ్చి నెలన్నర కాలేదు, అంతకన్నా పెద్దది చేసి చూపిస్తోంది.

మార్చి 22

రాయడానికి సిగ్గుగా ఉంది. కుసుమను కడిగేటప్పుడు పైపు ఒత్తిడి పెంచాను. సూటు మీద నుంచే అయినా, నీళ్ళ దెబ్బకు ఆ పిల్ల రెండడుగులు వెనక్కు తూలింది. చిమ్మెట అన్నిసార్లు తిప్పక్కర్లేదు. తిప్పాను. చేతులు చాచి నిలబడి నిలబడి దాని భుజాలు వణికాయి.

“అయిపోయిందా అక్కా?”

“ఉండు.”

“మాబున్నక్క చెప్పింది” అందా పిల్ల, “సుంకక్క కడిగితే తల్లి కడిగినట్లే, భయం లేదని. నీ అంత జాగ్రత్త క్యాంపులో ఎవురికీ లేదంట.”

నేను చిమ్మెట దించాను. తువ్వాలు అందిస్తూ అడిగాను: “లోపల దుమ్ము ఎక్కువుండే చోట ఎవురు ముందు నడుస్తారు?”

“మాబున్నక్కే. నన్ను ఎనకనే ఉండమంటాది. గుంతలు వచ్చినాయంటే ట్యాంకు గూడ పీక్కోని తనే దిగుతాది. నేనొద్దంటే తిడ్తాది.”

ఆ పిల్ల అబద్ధం చెప్పే రకం కాదు. అబద్ధమే చెప్పేదైతే తన గొప్పే చెప్పుకునేది.

ముందు నడిచేది మాబున్ని. అంకె పెరిగేది కుసుమది. సాయంత్రమంతా దాని గురించే ఆలోచించాను.

మార్చి 28

లోపలికి పోయేటప్పుడు మెడలోని బిళ్ళను తీసి సూటు మీద, గుండె దగ్గర, ప్లాస్టిక్ సంచిలో తగిలించుకుంటారు. మంట నుంచి వచ్చినవాళ్ళ సంచి మసితో నల్లబడి ఉంటుంది, తుడిస్తే గానీ బిళ్ళ కనపడదు. ఇవాళ మాబున్ని బండి దిగి వచ్చి జాలీ ఎక్కింది. ముఖం దగ్గర అద్దం నల్లగా ఉంది, భుజాలు నల్లగా ఉన్నాయి. బిళ్ళ సంచి మాత్రం ఉతికి ఆరేసినంత తెల్లగా మెరుస్తోంది.

నేను పైపు కట్టేశాను. ఆమె అద్దం లోంచి నన్ను చూసింది. నేను సంచి వైపు చూశాను. మళ్ళీ ఆమె వైపు చూశాను.

“నీళ్ళు వదులుమే” అంది. “జనం చూస్తాండారు.”

వదిలాను.

ఏప్రిల్ 1

సూట్లు ఆరేసే చోటుకు తనే వచ్చింది. నేను క్లిప్పులు పెడుతుంటే ఇంకో కొస పట్టుకుని నిలబడింది, పాత రోజుల్లోలాగా.

“బిళ్ళను టిఫిను డబ్బాలో పెట్టి బండ్లో ఇడ్సి పోతా” అంది. “రోడ్డు కడిగిందే గదా, ఆడ ఎంతో ఎక్కదు. తిరిగొచ్చేటప్పుడు తగిలించుకుంటా.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“నువ్వు బయటికొచ్చినప్పటి నుంచి. నాది గూడ అప్పటికే నిండనీకె వచ్చింది. నీకు తెల్దా? ఇద్దరం ఒకటే తిరిగినాం.”

నాకు తెలియాల్సింది. ఆలోచించలేదు. నా బిళ్ళ నిండిందని ఏడవడంలో ఆమె బిళ్ళ గురించి ఆలోచించలేదు.

“దస్తగిరన్న ఎట్ల పోయినాడో చూసినావు గదా” అన్నాను. దస్తగిరి మా మొదటి మేస్త్రి. ఆయన కూడా బిళ్ళ దాచి తిరిగాడు. ముందు ఒంటి మీద కమిలిన మచ్చలు లేచాయి, చివర్లో చిగుళ్ళ నుంచి నెత్తురు ఆగలేదు. ఆయన నోటి దగ్గర గుడ్డ పెట్టి వంతులవారీగా కూర్చుంది మేమిద్దరమే.

“చూసినా.”

“మరి ఏంటికిమే?”

మాబున్ని సూటు కొస వదిలేసింది. అది తడి నేల మీద పడింది.

“నిండిందని చెప్తే నాకేముంది సుంకీ? మొగుడా, పిల్లలా? నీ పక్కన నిలబడి పైపు పట్టుకోవాల. వచ్చినోళ్ళను కడగాల. యాడ మంట లేచిందో, ఎట్ల ఆరిందో వాళ్ళు చెప్తే ఇనాల. నువ్వెట్ల బతుకుతాండావో నేను చూడ్డంల్యా? ఆ వాకీటాకీ ముందర కూచోని కుక్కపిల్ల మాదిరి… నాకొద్దు.”

ఆమె వెళ్ళబోయి ఆగింది.

“చెప్తావా సారుకు?”

“చెప్పాల.”

“చెప్పు. నీకు కావాల్సింది గూడ అదే గదా. నన్ను ఆ పిల్ల దగ్గర్నుంచి పీకి ఈడ నీ పక్కన కట్టేసుకోవాల. పోయి చెప్పు. నేను గూడ నిండినోళ్ళలో కలుస్తా, నీ కడుపు చల్లగుంటాది.”

పడిపోయిన సూటును మళ్ళీ మొదటి నుంచి కడిగాను.

ఏప్రిల్ 5

చెప్పలేదు.

రోజూ పొద్దున పెంచలయ్య సారు టీ గ్లాసు పట్టుకుని షెడ్డు ముందు నుంచి పోతారు. “ఏం సుంకమ్మా, అంతా బాగేనా” అంటారు. “బాగే సార్” అంటాను. నోటిదాకా వచ్చింది నోటిలోనే ఉండిపోతుంది.

చెప్పకపోతే మాబున్ని చచ్చిపోతుంది. అది తెలుసు. చెబితే బతకొచ్చు. అది కూడా తెలుసు. మరి ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఒక్కటే ఉంది. ఆమె అన్నది నిజం. ఆమెను కుసుమ పక్క నుంచి తీసేస్తారని తలచుకుంటే నా ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఇద్దరం ఈ షెడ్డులో, మళ్ళీ చెరో కొస పట్టుకుని… ఆ బొమ్మ కళ్ళ ముందుకు రాగానే, నేను చెప్పబోయేది ఆమె ప్రాణం కోసమా నా కుళ్ళు తీరడానికా అన్నది నాకే తెలియడం లేదు. కుళ్ళుతో చేసిన మంచిపని మంచిపని అవుతుందా? అడగడానికి ఎవరూ లేరు. అడగాలంటే మాబున్నినే అడగాలి.

నిన్న స్నానం చేసి వచ్చి నిలబడినప్పుడు ఆమె మోకాళ్ళ కింద కమిలిన మచ్చలు చూశాను. ఒకటి కాదు.

“బండి మెట్టు తగిలింది” అంది, నేనడగకముందే.

ఏప్రిల్ 8

ఎర్రకోన అంటుకుంది.

పేలిన ఏడాది దుమ్మంతా ముందు పడింది ఆ కోనలోనే. చెట్లన్నీ నిలబడినచోటే ఎర్రబడి చచ్చాయి. పందొమ్మిదేళ్ళుగా ఆ ఎండుకట్టె అలాగే ఉంది, కింద మోకాలెత్తు ఆకు. అది మొత్తం కాలితే పొగ టౌను మీదికే పోతుంది. సైరన్ మోగింది, టౌనులో కిటికీలు మూసుకోమన్నారు, బడులకు సెలవిచ్చారు. పక్క క్యాంపుల నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. రేపు పొద్దున్నే అందరూ పోవాలి. జట్టుకు మేస్త్రి మాబున్ని. ఎర్రకోన లోపలికి నడిచిన అనుభవం ఇప్పుడున్నవాళ్ళలో ఆమెకొక్కదానికే ఉంది. ఆమెకూ, నాకూ.

అక్కడ ఒక్క రోజు ఒంట్లోకి దిగేది మిగతా అడవిలో ఒక వేసవంతా దిగినంత.

ఏప్రిల్ 9, పొద్దున

బండ్లు బయల్దేరకముందే సారు గదికి వెళ్ళాను. ఆయన మ్యాపు మీద వంగి ఉన్నారు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. డబ్బా సంగతి, సంచి సంగతి, కాళ్ళ మీది మచ్చల సంగతి.

ఆయన తల పైకెత్తలేదు. “రేపు చెప్పుంటే బాగుండేది సుంకమ్మా” అన్నారు.

“రేపటికి మనిషి ఉండాల గదా సార్.”

“తెలుసు. నాకు మాత్రం తెల్దా?” ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “చెప్పినాక ఇంక పంపలేను. మరి ఎర్రకోనలో జట్టును ఎవరు నడపాల? నువ్వు పోలేవు. మాబున్ని పోలేదు. పేరు చెప్పు. నువ్వే చెప్పు.”

దీని గురించి నేను ఆలోచించలేదు. చెప్పేస్తే అక్కడితో అయిపోతుందనుకున్నాను. జట్టులో ఒక్కొక్కరి ముఖం గుర్తు తెచ్చుకున్నాను. చంద్రన్న గట్టివాడు, కానీ గాలి చూడడు. మిగతావాళ్ళు చెప్పింది చేస్తారు. మాబున్ని చేతికింద నేల తడపడం, గాలి చూడటం, ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడం నేర్చుకున్న మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ పేరు నా నోట రావాలి. నా ట్యాంకు తీసుకుంది, నా చోటు తీసుకుంది, ఇప్పుడు మాబున్ని చోటు కూడా నేనే దాని చేతిలో పెట్టాలి.

“కుసుమ” అన్నాను.

“చిన్నపిల్ల.”

“చిన్నపిల్లే సార్. నడుపుతాది.”

సారు బయటికి వచ్చి బండి దగ్గరే, అందరి ముందూ చెప్పారు. మాబున్ని బండి మెట్టు మీద ఉంది. దిగింది. మెడలోంచి బిళ్ళ తీసి సారు చేతిలో పెట్టింది. నన్ను చూసి నేల మీద ఉమ్మింది. ఆ ఉమ్ము ఎర్రగా ఉంది. ఆమె కూడా చూసుకుంది, కాలితో మట్టి కప్పేసింది.

కుసుమ ఏడుపు ముఖం పెట్టింది. మాబున్ని దాని భుజాలు పట్టుకుని కుదిపింది. “ఏడ్సేది ఇంటికొచ్చినాక. ఇను. గట్టు మీద లైను కొట్టు. మంట ఎంత మీదికొచ్చినా గట్టు ఇడ్సద్దు. గట్టు ఇడిస్తే కోన పాయె. ఇంటాండావా?”

“ఆ అక్కా.”

బండ్లు పోయాయి. దుమ్ము అణగడానికి నేను రోడ్డు మీద నీళ్ళు కొట్టాను.

ఏప్రిల్ 9, సాయంత్రం

మాబున్ని పగలంతా షెడ్డులోనే ఉంది. ఎక్కడికి పోవాలో తెలియక వచ్చి ఉంటుంది. నాతో మాట్లాడలేదు. తిరగేసిన బకెట్ మీద కూర్చుని వాకీటాకీ వింటోంది. నేను అన్నం పెడితే తినలేదు.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. షెడ్డు రేకులు లేచి కొట్టుకున్నాయి, ఇక్కడికే తెలిసింది. వాకీటాకీలో కుసుమ గొంతు వినపడింది. దగ్గుతోంది.

“జట్టంతా ఎనక్కి. గట్టు ఇడిసేయండి. పాత ప్లాంటు రోడ్డుకు పోదాం. వచ్చే మంటకు తిండి లేకుండ ఎదురుమంట ఆడ పెడదాం.”

మాబున్ని లేచి వాకీటాకీ లాక్కుంది. “కుసుమా! గట్టు ఇడ్సద్దని చెప్పినా గదనే! గట్టుకు రోడ్డుకు మధ్య ఉండే అడవంతా కాలిపోతాది! నిలబడు ఆడనే!”

హోరు. ఏవో విరిగిన చప్పుడు.

“అక్కా, గాలి నువ్వు చెప్పినట్ల ల్యా ఈడ.”

“గాలి తిరుగుతాది మళ్ళ! నాకు తెలుసు ఆ కోన! నిలబడితే—”

నేను ఆమె చేతిలోంచి వాకీటాకీ తీసుకున్నాను. ఆమె వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఆ వేళ్ళలో ఇదివరకటి బలం లేదు. అది తెలిసి నాకు భయం వేసింది.

“ఆడ ఉండేది అది” అన్నాను. “మనం కాదు.”

కుసుమ మళ్ళీ మాట్లాడలేదు. సాయంత్రం దాకా మాకేం తెలియలేదు. పొగ మాత్రం పడమటి ఆకాశమంతా నిండింది. మాబున్ని వాకిట్లో నిలబడి పొగ రంగు చూస్తూనే ఉంది. పొద్దు వాలే వేళకు నల్ల పొగ తెల్లబడింది. తెల్లబడితే తిండి దొరకని మంట అని అర్థం. ఆ సంగతి మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

తర్వాత చంద్రన్న గొంతు వచ్చింది. “రోడ్డు కాడ ఆగింది సారూ. మనోళ్ళు అందరూ ఉండారు. గట్టు మీద ఉంటే ఈపాటికి బూడిదైపోయేవాళ్ళం.”

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మాబున్ని సంతోషపడుతుందనుకుని తలెత్తి చూశాను. సంతోషమూ ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది. తాను లేకపోయినా మంట ఆరింది. తన మాట వినకపోబట్టి ఆరింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. డిసెంబరు నుంచి ఈ షెడ్డు అద్దంలో చూస్తున్నది అదే.

ఆ క్షణం ఆమె దగ్గరికి పోయి చేయి పట్టుకోవాలనిపించింది. పట్టుకోనిచ్చేది కాదు.

ఏప్రిల్ 10

కాలిన దానిలో కొంత పొగ టౌను మీదికి పోయింది. ఎంత పోయిందో కొలుస్తున్నారు. కోన మొత్తం కాలి ఉంటే టౌనే ఖాళీ చేయాల్సి వచ్చేదని సారు అన్నారు.

జట్టు తెల్లారి తిరిగొచ్చింది, కడగడానికి పొద్దున్నంతా పట్టింది. కుసుమ అందరికన్నా చివర జాలీ ఎక్కింది. ఒత్తిడి తగ్గించి, మెల్లగా కడిగాను. చిమ్మెట దాని మెడ వెనక కీచుమంది. మూడోసారి సబ్బు పెట్టాక ఊరుకుంది.

స్నానం చేసి వచ్చాక ఆ పిల్ల నేరుగా మాబున్ని దగ్గరికి పోయింది. “అక్కా, నీ మాట ఇన్లేదు.”

మాబున్ని దాని ముఖం చూడలేదు. “ఇనకపోతే ఏంలే. బతికొచ్చినారు” అంది. తర్వాత, “రోడ్డు సంగతి నీకెట్ల తట్టింది?”

“నువ్వే చెప్పినావు గదా. ఎనక రోడ్డు చూసుకోకుండా ముందర లైను కొట్టగాకని. మొదటి రోజు చెప్పినావు.”

అది నేను మాబున్నికి చెప్పిన మాట. మొదటి ఏడాది, ఏనుగుబండ కింద. మాబున్నికి అది గుర్తుందో లేదో. ఆమె నా వైపు ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంది. నేను పైపు చుట్టడంలో మునిగిపోయాను.

మధ్యాహ్నం సారు జీపులో మాబున్నిని టౌను ఆసుపత్రికి పంపారు. తోడు ఎవరూ వద్దంది. జీపు వెనక డోరు తెరుచుకుని నేనెక్కాను. దిగమని అనలేదు. దారిపొడుగునా కిటికీ వైపే చూసింది.

ఏప్రిల్ 27

ఆసుపత్రి వసారాలో కూర్చుని రాస్తున్నాను.

నెత్తురు చాలా తగ్గిందన్నారు. ఎక్కిస్తున్నారు. దస్తగిరన్నకు అప్పుడు చేయలేని వైద్యం ఇప్పుడు ఉందట. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే అదీ లాభం లేకపోయేదని డాక్టరమ్మ అంది. ఆ మాట మాబున్ని ఎదురుగానే అంది. మాబున్ని విననట్లు కళ్ళు మూసుకుంది.

వచ్చినప్పటి నుంచి నేను రాగిజావ కాచి తెస్తున్నాను. తాగుతుంది. గ్లాసు తిరిగి ఇస్తుంది. మాట లేదు. అడిగితే తల ఊపుతుంది, అంతే. నేను కింద చాప వేసుకుని పడుకుంటున్నాను.

ఇవాళ కుసుమ వచ్చింది. క్యాంపు బస్సులో, చేతిలో బత్తాయిల సంచితో. వార్డు తలుపు దగ్గర నుంచే “అక్కా” అని అరిచింది. మాబున్ని లేచి కూర్చుంది. నేను దిండు పెట్టి లేపితే గానీ లేవని మనిషి తనంతట తను లేచి కూర్చుంది. నవ్వింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, అయినా నవ్వు అదే. ఇన్ని రోజుల జావకు నాకు దొరకనిది ఆ బత్తాయిలకు దొరికింది.

కుళ్ళు పోలేదు. ఎర్రకోనతో కాలిపోయి ఉంటుందని అనుకున్నాను. పోలేదు. మంచం పక్కన ఒకటే కుర్చీ ఉంది. దాన్ని కుసుమ వైపు జరిపి నేను లేచాను. ఇద్దరూ గాలి గురించీ, కొత్త ట్యాంకు గురించీ మాట్లాడుకుంటుంటే బత్తాయిలు వొలిచి గింజలు తీశాను. గింజలు తీయడం బాగా చేస్తాను.

సాయంత్రం నర్సు వచ్చింది. ఎముక లోంచి మూలుగ తీసి పరీక్ష చేయాలి. నొప్పిగా ఉంటుంది, పక్కన ఒకరు చేతులు పట్టుకోవాలి.

“ఒక్కరినే లోపలికి రానిస్తాం” అంది. “మీలో ఎవరు ఉంటారు?”

కుసుమ అప్పటికే లేచి నిలబడింది. నేను తొక్కలు సంచిలో వేసి బయటికి పోవడానికి చెప్పులు వెతుక్కుంటున్నాను.

“అది ఉంటాది” అంది మాబున్ని.

వేలు నా వైపు ఉంది. ముఖం నా వైపు లేదు.

“ఈ పిల్లకు రేపు డ్యూటీ. చివరి బస్సు పోతాది” అంది నర్సుతో. “నువ్వు పో కుసుమా.”

డ్యూటీ ఉందనే అలా అందో, డ్యూటీ లేకపోయినా అలాగే అనేదో నేను అడగలేదు. కుసుమ నా చేతిలోంచి తొక్కల సంచి తీసుకుంది. నర్సు ఇచ్చిన పచ్చ గౌను తొడుక్కున్నాను, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను, లోపలికి పోయి మంచం తల వైపు నిలబడ్డాను.

మాబున్ని పక్కకు తిరిగి పడుకుని, వెనక్కి చూడకుండా రెండు చేతులూ నా వైపు చాచింది.